పడేసిన ముక్కలు

జనవరి 9

బావా,

చేరాను. అక్క కట్టిచ్చిన సంచీ చెక్కు చెదరకుండా చేరింది. నేనే కొంచెం చెదిరాను. బస్సులో పద్నాలుగు గంటలు, పక్కసీటు ఆయన నా భుజాన్నే దిండు చేసుకున్నాడు. దిగేటప్పుడు మాత్రం నేనే అతని మీద పడి నిద్రపోయినట్టు ముఖం పెట్టాడు.

ఇక్కడ రెండు వరసల రేకుల గదులు. తలుపు తీస్తే ఎదురుగా క్వారీ గొయ్యి, తెల్లటి రాతి దుమ్ము. ఉదయం తలకి రాసుకున్న నూనె మధ్యాహ్నానికి సున్నం అవుతుంది. ఆఫీసులో ఒక్కటే ఫోను, అదీ గుమస్తా చెవి పక్కన. అందుకని ఉత్తరాలే రాస్తాను.

క్రేను నా చేతికిచ్చారు. నా కింద ముగ్గురు. క్రేను నడిపే ఆయన ఒకరు. గొయ్యిలో దిగి రాళ్ళకి గొలుసు చుట్టే ఆయన ఒకరు, ఆయన్ని అందరూ గొలుసాయన అంటారు. మూడో మనిషి తాళ్ళాయన, క్రేను ఇనుప తాడు బాధ్యత ఆయనది. రోజూ పొద్దున్నే తాడంతా నేలమీదకి వదులు చేసి, గుప్పిట్లో గుడ్డ పెట్టి తాడుని పట్టుకుని ఈ చివరనుంచి ఆ చివరిదాకా నడవాలి. లోపల ఎక్కడ పోగు తెగినా ముల్లులా లేచి గుడ్డని పట్టేస్తుంది. పోగులు తెగిన తాడుతో రాయి ఎత్తకూడదు. అంతే పని. చూడ్డానికి చిన్నది, కానీ గొయ్యిలో ఉన్నవాళ్ళ ప్రాణాలు ఆ గుడ్డ మీదే.

మేనేజరు నన్ను ఒక్కటే అడిగాడు, "మనుషుల చేత పని చేయించగలవా?" అని. "మనిషి ముఖం చూసి చేతిలో ఏముందో చెప్పగలనండీ" అన్నాను. నవ్వాడు. ఉద్యోగం ఇచ్చాడు. ఈ చదువు నీ పంపుల షాపు వెనక తొమ్మిదేళ్ళ ఆదివారాలు పోకర్ ఆడి నేర్చుకున్నదే. సర్టిఫికెట్టు నువ్వే ఇవ్వాలి.

గదుల్లో నలుగురిని కూర్చోబెట్టి ఆట మొదలుపెట్టాను. వీళ్ళకి రమ్మీ తప్ప తెలియదు. నీ మాటల్లోనే చెప్పాను: చేతికి ఐదు ముక్కలు, నచ్చనివి ఒకసారి మార్చుకోవచ్చు, ఇక అక్కణ్ణించి ముక్కలు ఆడవు, మనిషి ఆడతాడు. మంచి ముక్కలున్నవాడు గెలవచ్చు, ఉన్నట్టు మేకపోతు గాంభీర్యం చూపించినవాడూ గెలవచ్చు. దాన్ని నమ్మి ముక్కలు పడేసినవాడు ఓడిపోతాడు. పందేనికి మన షాపులోలా పంపు వాషర్లు లేవు, అగ్గిపుల్లలతో ఆడాం. పెట్టె మొత్తం పోగొట్టుకున్నాను. కొత్త ముఖాలు కదా, అలవాటు పడాలి.

దూరంగా ఉన్నాను కాబట్టి ఇప్పుడొక రహస్యం చెప్తాను, కోప్పడకు. నీ చేతిలో ఏమీ లేనప్పుడు నువ్వు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తావు. అది చూడగానే నేను గిన్నెలోకి వాషర్లు నెట్టేవాణ్ణి, నువ్వు పడేసేవాడివి. ఇన్నేళ్ళూ ఆ ఒక్క గుట్టుతోనే బతికాను. ఆఖరి ఆదివారం మాత్రం నువ్వు తుడవలేదు. అయినా ఉన్న వాషర్లన్నీ నెట్టాను, గెలిస్తే ఈ ఉద్యోగానికి వెళ్తానన్నాను. నువ్వు చాలాసేపు చూసి పడేశావు. నా చేతిలో ఏముందో చెప్పను. పడేసిన ముక్కలు తిప్పి చూడకూడదన్నది మనింటి చట్టమే కదా.

అక్కకి చెప్పు, సబ్బు సరిపోతోంది.

నీ
బావమరిది

జనవరి 20

ఒరేయ్,

ఉత్తరం అందింది. మీ అక్క రెండుసార్లు చదివింది, సబ్బు దగ్గర నవ్వింది.

నీ గది కిటికీ బోల్టు ఊగుతోందని తొమ్మిదేళ్ళుగా అంటున్నావు. నువ్వు వెళ్ళాక బిగించాను. ఒక నీళ్ళ మోటారు కాలిపోయి వచ్చింది. యజమాని నిన్న కూడా బాగానే నడిచిందని ఒట్టేసి చెప్పాడు. విప్పితే లోపల ఆరునెలల తుప్పు. ఒట్లు వినడం మానేసి చాలాకాలమైంది.

కళ్ళజోడు సంగతి చదివాను. సరే.

అక్కడ ఆడకు. ఆడినా, ఆట దగ్గర అలవాటైనది పని దగ్గరికి మోసుకెళ్ళకు. తాడు విషయంలో ఎవరినీ అడగొద్దు. గుడ్డ నువ్వే పట్టుకుని నడువు. పంపు బాగైందని ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను, నీళ్ళు పడాలి.

ఇంతకంటే రాయడానికి ఏం లేదు.

మీ బావ

ఫిబ్రవరి 2

బావా,

ఉడుక్కున్నావా? అంత పొట్టి ఉత్తరం కరెంటు ఆఫీసువాళ్ళు కూడా రాయరు. గుట్టు బయటపెట్టానని కోపమైతే చెప్పు, వచ్చేటప్పుడు కొత్త కళ్ళజోడు తెస్తాను, దాన్ని తుడవకుండా ఆడుదువుగాని.

నీ ఆటమీద నీకే నమ్మకం లేకపోతే ఎలా? పోయిన మంగళవారం పెద్ద స్పానరు కనబడలేదు. అందరూ మాకు తెలియదంటే మాకు తెలియదన్నారు. ఒక్కొక్కరి ముఖం చూసుకుంటూ వచ్చి క్రేనాయన దగ్గర ఆగాను. "మీ పెట్టె తెరవండి" అన్నాను. అందులోనే ఉంది! పెట్టి మర్చిపోయానన్నాడు. ఆ రోజునుంచి నేను వస్తుంటే గుమస్తా కూడా తలొంచుకుంటున్నాడు.

తాడు గురించి రాశావు. రోజూ పొద్దున తాళ్ళాయన్ని అడుగుతున్నాను. "గుడ్డ పెట్టారా?" "పెట్టానయ్యా." కళ్ళలోకి చూస్తాను. చూపు తిప్పడు, చెయ్యి ఎక్కడికీ పోదు, గొంతు మారదు. చాలు. నూట ఇరవై అడుగుల తాడు వెంట నేను మళ్ళీ నడవక్కర్లేదు.

నడవలేక కాదు బావా. ఆయన నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. పెట్టాను అన్నాక ఆయన కళ్ళముందే నేను గుడ్డ తీసుకుని అదే తాడు తడిమితే ఆయన ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? నేను మీ ఇంటికొచ్చిన రోజు నీకు గుర్తుండే ఉంటుంది. నేను పనిచేసే వెల్డింగ్ షెడ్డు తగలబడింది, గ్యాసు వాల్వు కట్టే వచ్చానని నెత్తీ నోరూ కొట్టుకున్నాను, షెడ్డాయన నమ్మలేదు, ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. నా ముఖం చూసే అబద్ధమన్నారు. నువ్వొక్కడివే గుమ్మంలో నిలబడి "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను, లోపలికి రా" అన్నావు. మాట నమ్మితే మనిషి ఎలా లేచి నిలబడతాడో నాకు తెలుసు. ఆ పని ఇంకొకళ్ళకి నేను చేస్తున్నాను.

ఆటలో మాత్రం ఇంకా ఓడుతూనే ఉన్నాను. వీళ్ళకి ముఖాలే లేవు బావా, గోడల్ని చూసినట్టుంది.

నీ
బావమరిది

ఫిబ్రవరి 12

ఒరేయ్,

ఉడుక్కోలేదు.

తాళ్ళాయన నొచ్చుకుంటాడని నువ్వు గుడ్డ పట్టకపోవడం తప్పు. నొచ్చుకుంటే నొచ్చుకోనీ. స్పానరు దొరికింది పెట్టె తెరిచావు కాబట్టి, ముఖం చూశావు కాబట్టి కాదు. ఇంకో పెట్టెలో ఉంటే ఏం చేసేవాడివి?

కళ్ళజోడు గురించి నీకొక మాట చెప్పాలి. చాలా రోజులుగా

షాపుకి మనిషి వచ్చాడు. తర్వాత రాస్తాను.

మీ బావ

తమ్ముడూ, మిగిలిన చోట నేను రాస్తున్నాను. షాపుకి ఎవరూ రాలేదు. మీ బావ ఈ ఉత్తరం మూడుసార్లు రాసి మూడుసార్లు చింపాడు. ఆదివారం అయితే ఒక్కడే కూర్చుని ముక్కలు కలుపుతాడు, పంచుతాడు, మళ్ళీ సర్దుతాడు. నన్ను రమ్మంటే నాకు రాదన్నాను. నువ్వు వేళకి తిను. దుమ్ములో పనిచేసేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకో. — అక్క

ఫిబ్రవరి 24

బావా,

తాడు తెగింది.

పంతొమ్మిదో తారీకు, పొద్దున పదిన్నరకి. రాయి లేచి మనిషెత్తు కూడా వెళ్ళలేదు. పైన కప్పీ దగ్గర టప్పుమంది. గొలుసాయన వెనక్కి దూకాడు, కుడికాలు మాత్రం మిగిలిపోయింది. ఆస్పత్రిలో చీలమండ పైదాకా కాలు తీసేశారు. ప్రాణానికి ఫరవాలేదన్నారు.

ఆ రోజూ అడిగాను. "గుడ్డ పెట్టారా?" "పెట్టానయ్యా." చూశాను బావా. నీ మీద ఒట్టు, అరనిమిషం చూశాను. ఆ ముఖంలో అబద్ధం లేదు. ఉందని ఎవరన్నా అంటే ఆ రోజు నేను పందెం కాసి ఉండేవాణ్ణి. కాశాను కూడా. కాకపోతే గిన్నెలో పెట్టింది నా వాషర్లు కావు.

గనుల ఇన్‌స్పెక్టరు వచ్చి తెగిన చివర పట్టుకుని చూశాడు. గ్రీజు కింద తొమ్మిది పోగులు ఎప్పుడో తెగి ఉన్నాయట, తెగినచోట తుప్పు పట్టేసిందట. తాళ్ళాయన అప్పుడు ఒప్పుకున్నాడు. మోకాళ్ళు వాచిపోయి నెలరోజులుగా తాడు వెంట నడవలేదు. చెబితే పనిలోంచి తీసేస్తారని భయపడ్డాడు. ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగి అడిగాడు, "మీ చేతులకేమైంది?" అని.

విచారణ వచ్చే నెల ఇరవై ఎనిమిదిన. నేను వాంగ్మూలం ఇవ్వాలి.

ఆయన ముఖంలో నేను ఏం చూడలేకపోయాను? నీ ముఖం తొమ్మిదేళ్ళు తప్పు లేకుండా చదివినవాణ్ణి. ఎక్కడ తప్పాను? నీకు తెలిస్తే చెప్పు. నాకు తిండి సయించట్లేదు. నువ్వు పోయిన ఉత్తరంలో కళ్ళజోడు గురించి ఏదో చెప్పబోయి ఆపావు, అదేమన్నా దీనికి పనికొస్తుందా?

నీ
బావమరిది

మార్చి 4

ఒరేయ్,

నువ్వు తప్పలేదు. నీకు నేర్పింది తప్పు.

నువ్వు మా ఇంటికొచ్చి ఐదు నెలలు నోరు విప్పలేదు. కంచం ముందు కూర్చునేవాడివి, లేచేవాడివి. మీ అక్క గదిలోకి వెళ్ళి ఏడ్చేది. నేను ఓడల మీద పంపులు చూసే రోజుల్లో పోకర్ నేర్చుకున్నాను, ఏదో ఒకటి చేయాలని ఆ ముక్కలు తీశాను. మొదటి ఆదివారాలు ఓడిపోయావు. గెలిచినా ఓడినా ఒకటే ముఖం.

ఒకరోజు నీ వాషర్లలో సగం గిన్నెలోకి నెట్టావు. నీ పై పెదవి మీద చెమట. నీ చేతిలో ఏమీ లేదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. నా చేతిలో మూడు తొమ్మిదులు. చూపించమంటే అయిపోయేది. కళ్ళజోడు నిజంగానే మసగ్గా ఉంది, గ్రీజు అంటింది. తీసి తుడిచాను. తుడుస్తుంటే నువ్వు నన్నే చూస్తున్నావు. ముక్కలు పడేశాను.

నువ్వు నవ్వావు. గట్టిగా. లోపల గిన్నెలు కడుగుతున్న మీ అక్క తడిచేతులతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

నువ్వు తిప్పి చూస్తావేమోనని, పడేసిన ముక్కలు తిప్పి చూడకూడదు, అది చట్టం అన్నాను. ఆ చట్టం ఆ రోజు పుట్టిందే. అంతకుముందు లేదు.

తర్వాత అప్పుడప్పుడు కావాలనే తుడిచాను. నువ్వు దిగాలుగా ఉన్న ఆదివారం. ఆ తర్వాత నువ్వే నా కళ్ళజోడు కోసం చూడ్డం మొదలుపెట్టావు, నాకు ఆపడం చేతకాలేదు. ఎన్నిసార్లని అడగకు. పడేసిన వాటిలో మంచి ముక్కలే ఎక్కువ.

ముఖం చూడాల్సింది ముక్కలు బోర్లా పడి ఉన్నప్పుడే. తిప్పి చూడగలిగింది ఏదైనా తిప్పే చూడాలి. తాడు బోర్లా లేదు. ఈ ఆటలో మొదటి పాఠం అదే, నేను నీకు చెప్పలేదు. చెబితే నువ్వు నా ముఖం వదిలి ముక్కలు చూస్తావని భయం.

జనవరిలోనే రాయాల్సింది. నీ ఉత్తరంలో హుషారు చూసి మళ్ళీ పడేశాను.

మీ అక్కకి ఈ సంగతి తెలియదు. విచారణలో దాచకు.

మీ బావ

మార్చి 13

బావగారికి,

మీ ఉత్తరం చేరింది.

మీరు నన్ను మోసం చేశారని చెబితే ఎవరూ ఒప్పుకోరు. ఓడించినవాణ్ణి తిట్టుకోవచ్చు. గెలిపించినవాణ్ణి ఏమని తిట్టాలి? ఎవరి దగ్గరికి వెళ్ళి మొరపెట్టుకోవాలి? చెప్పుకోవడానికి కూడా వీల్లేని మోసం చేశారు. నా నవ్వు కోసమని రాశారు. నా చెవిలో పువ్వు పెట్టి, ఎంత బాగుందో అని మీరే చూసుకున్నారు.

నన్ను నా కాళ్ళమీద నిలబెట్టానని మీరనుకున్నారు. నిలబెట్టింది కొయ్యకాళ్ళ మీద. అవి కొయ్యవని మీకు తెలుసు, నాకు తెలియదు. తెలియక పరిగెత్తాను. పడింది నేనైతే బాగుండేది.

ఇక్కడ అగ్గిపుల్లలు ఎందుకు పోతున్నాయో ఇప్పుడు అర్థమైంది. గోడల్లా ఉన్నాయన్నాను కదా ఆ ముఖాలు. అవి మామూలు ముఖాలే.

మీ ఉత్తరం వచ్చినప్పటినుంచి నేను చేస్తున్నది ఒక్కటే. పాత రోజులన్నీ తీసి తిప్పి చూస్తున్నాను. మీరు నేను బిగించిన మోటారు చూసి బాగుందన్న రోజు. నా చేతికి షాపు తాళాలిచ్చిన రోజు. వాటిలో ఏది ముక్క, ఏది పడేసిన ముక్క? ఆఖరి ఆదివారం మీరు కళ్ళజోడు తుడవలేదు, అయినా పడేశారు. అది కూడా మీరు వదిలేసిందేనా? దాన్ని నమ్ముకునే నేను ఇక్కడికొచ్చాను.

అన్నిటికంటే ముందు ఇంకొకటి. షెడ్డు తగలబడ్డాక గుమ్మంలో "నమ్ముతున్నాను" అన్నారు. అప్పుడు కళ్ళజోడు మీ ముఖాన ఉందా, చేతిలో ఉందా అని మూడు రోజులుగా గుర్తు చేసుకుంటున్నాను. గుర్తు రావట్లేదు.

దీనికి జవాబు రాయండి. అక్కకి నిజంగా తెలియదా, అదీ రాయండి. మిగతావి రాయకపోయినా ఫరవాలేదు.

మేనేజరు పిలిచి ఒక దారి చెప్పాడు. ఆ రోజు గుడ్డ పెట్టారు, నేను పక్కనే నిలబడి చూశాను, లోపం తాడు లోపలెక్కడో దాగి ఉంది అని నేనూ తాళ్ళాయనా ఒకటే మాట చెప్పాలట. పిల్లికి ఎలుక సాక్ష్యం. తాళ్ళాయన ఇన్‌స్పెక్టరు ముందు కంగారులో ఏదో వాగాడని సర్దేస్తారట. అప్పుడు తప్పు గొలుసాయన మీదకి పోతుంది, రాయి కింద నిలబడకూడని చోట నిలబడ్డాడని రాస్తారు. ఎవరూ తిప్పి చూడలేరు. ఈ ఆట మీకు బాగా తెలిసిందే.

ఇట్లు
మీ భార్యకి తమ్ముడు

మార్చి 21

ఒరేయ్,

"మీరు" అన్నావు. అంటావని తెలుసు.

షెడ్డు సంగతి. గుమ్మంలో నమ్ముతున్నానన్నప్పుడు నాకు నమ్మకం లేదు. మీ అక్క నా వెనకే నిలబడి ఉంది, నువ్వు వానలో తడిసి ఉన్నావు, ఆ మాట అన్నాను. వారం తర్వాత సైకిలు మీద ఆ షెడ్డుకి వెళ్ళాను. బూడిదలో వెతికితే సిలిండరు వాల్వు దొరికింది. మూసే ఉంది. ఆ రోజునుంచి నమ్మాను. నీ ముఖం చూసి కాదు, వాల్వు చూసి.

దాన్ని షాపులో పాత బేరింగుల డబ్బాలో దాచాను. నీకు చూపిస్తే నేను వెళ్ళి చూశానని తెలుస్తుంది, నీ మాట నాకు చాలలేదని తెలుస్తుంది. ఊళ్ళో వాళ్ళకి చూపించి ఉండాల్సింది. షెడ్డాయనకి చూపించాను, తలుపేసుకున్నాడు. ఇంకొకరి దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే సంగతి నీదాకా వస్తుందని.

ఈ ఉత్తరంతో పార్సెల్ కడుతున్నాను. తిప్పి చూసుకో. మంటకి బిగుసుకుపోయింది, ఇక ఎవరూ తెరవలేరు, మూయలేరు.

ఆఖరి ఆదివారం నా చేతిలో రెండు రాజులు, రెండు నాలుగులు. నువ్వు వెళ్ళకూడదని ఆడాను. నీ దగ్గర వరస ముక్కలు పడ్డాయనుకున్నాను. భయపడి పడేశాను. నిజంగా ఓడిపోయాను. ఇది నమ్మమని అడగను.

మేనేజరు చెప్పిన దాని గురించి నేనేమీ చెప్పను. చెప్పే అర్హత లేదు.

మీ బావ

తమ్ముడూ, నీ ఉత్తరం నేనూ చదివాను. నాకు తెలియదని మీ బావ రాశాడు. పాపం ఆయన అలాగే అనుకుంటున్నాడు. నువ్వు మొదటిసారి నవ్విన రోజు ముక్కలు సర్దింది నేనే. నాకు చట్టం గిట్టం తెలియదు కదా, తిప్పి చూశాను. మూడు తొమ్మిదులు. ఆట రాకపోయినా మూడు ఒకేలా ఉంటే మంచివని తెలుసు. ఆయనకీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. తొమ్మిదేళ్ళు ఇద్దరి ముందూ టీ పెట్టి లోపలికి వెళ్ళిపోయాను. తిడితే ఇద్దరినీ కలిపి తిట్టు. ఆయన ఒక్కడే పడితే ఊరుకోను. — అక్క

ఏప్రిల్ 6

బావగారికి, అక్కకి,

పార్సెల్ అందింది. వాల్వు నా బల్లమీద ఉంది. రెండు చేతులతో తిప్పి చూశాను. రాలేదు. మూసే ఉంది. తొమ్మిదేళ్ళు నా నిజం నేను పడుకునే గదికి పదడుగుల దూరంలో, పాత బేరింగుల మధ్య ఉందన్నమాట.

విచారణ అయిపోయింది. మీ మార్చి నాలుగో తారీకు ఉత్తరం జేబులో పెట్టుకునే వెళ్ళాను. నేను మనుషుల ముఖాలు ఎందుకు నమ్మానో చెప్పడానికి అదొక్కటే కాగితం. ఇన్‌స్పెక్టరు అడిగినప్పుడు చెయ్యి జేబుదాకా వెళ్ళింది. తియ్యలేదు. మీ మీద జాలితో కాదు. గుడ్డ పట్టుకోవాల్సిన చెయ్యి నాది, మీది కాదు. "గుడ్డ నేను పట్టలేదు, ఆయన పడుతుంటే చూడలేదు, ముఖం చూసి సరేనన్నాను. గొలుసాయన నిలబడాల్సిన చోటే నిలబడ్డాడు" అని చెప్పాను. బయటికొచ్చాక మేనేజరు "అడగనిది కూడా చెప్తావేమయ్యా" అన్నాడు.

తాళ్ళాయన్ని గేటు దగ్గర కాపలాకి కూర్చోబెట్టారు. నన్ను సూపర్‌వైజరు పనిలోంచి తీసి తాళ్ళ పని ఇచ్చారు. రోజూ పొద్దున నేనే నడుస్తున్నాను. గుడ్డ మందంగా ఉంటే పోగు తెలియదు, పల్చగా ఉంటే అరచెయ్యి తెగుతుంది. పల్చటిదే వాడుతున్నాను. కొత్త సూపర్‌వైజరు వచ్చి "గుడ్డ పెట్టావా?" అని అడుగుతాడు. "మీరూ పెట్టి చూడండి" అని గుడ్డ ఇస్తాను. మొదట్లో ఎగతాళి అనుకున్నాడు.

గొలుసాయన్ని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళాను. నేనేమీ అడక్కముందే, "నా ముఖంలో ఏం కనిపిస్తోందో చెప్పవయ్యా" అన్నాడు. కూజాలో నీళ్ళు నింపి మంచం పక్కన పెట్టి వచ్చేశాను.

అక్కా, నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. నువ్వు తిప్పి చూశావు, మళ్ళీ బోర్లా పెట్టావు.

బావగారూ, వాల్వు చూశాక నమ్మానన్నారు. సరైన పనే. తాడు విషయంలో నేను చేయాల్సింది అదే. తప్పని అనలేను. అనలేకపోవడమే కష్టంగా ఉంది. ఆ గుమ్మంలో మాట కోసం నేను ఇన్నేళ్ళు మీ వెనక తిరిగాను. ఆ మాట మాత్రం ఖాళీ చేత్తో అన్నారు.

ఆఖరి ఆదివారం నా చేతిలో ఏముందో ఇప్పుడు చెప్తాను. ఒక ఆసు, నాలుగు చెత్త ముక్కలు. ఏమీ లేదు. మీరు రాసింది నిజమైతే, నేను నా అంతట నేను గెలిచిన ఆట నా జన్మకి అదొక్కటే. నిజమో కాదో తెలుసుకునే దారి లేదు. ఆ రోజు ముక్కలు సర్దింది అక్క కాదు. నేను. మీరు పడేసిన ఐదూ నా చేతిలోకి వచ్చాయి. బొటనవేలితో కొంచెం ఎత్తితే చాలు. ఎత్తలేదు. చట్టం కదా, కట్టలో కలిపేశాను.

మే నెలలో నాలుగు రోజులు సెలవు ఇచ్చారు. వస్తాను. ఆదివారం కూడా ఉంటాను. వాషర్ల గిన్నె బయట పెట్టండి. కళ్ళజోడు తుడుచుకుంటారో మానుకుంటారో మీ ఇష్టం, నేను అటు చూడను.

మీరు ముక్కలు పడేసిన ప్రతిసారీ తిప్పి చూస్తాను.

— తాళ్ళాయన